ముందు వరుసలో నా ఎడమ చెయ్యి

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు కాస్త చనువు కాగానే నా కుడి చెవి గురించి అడుగుతారు. అడగాల్సిన చెవే అది. సరిగ్గా పొంగని పునుగులా ముడుచుకుపోయి ఉంటుంది. రగ్బీ ఆడేవాణ్ణని చెబుతాను.

"అంటే హెల్మెట్ పెట్టుకుని ఆడతారు, అమెరికావాళ్లది, అదేనా సర్?"

"హెల్మెట్ ఉంటే చెవి ఇలా ఎందుకవుతుంది నాయనా?"

"మరి మీరేం చేసేవారు? గోల్స్ కొట్టేవారా?"

"నెట్టేవాణ్ణి."

అక్కడితో ఆ కబురు చచ్చిపోతుంది. వాళ్లు కాఫీ మెషిన్ వైపు వెళ్లిపోతారు, నేను నా సీటుకి వచ్చేస్తాను. కానీ ఆ పూటంతా నాకు పని సాగదు. చేతులు కీబోర్డు మీద ఉంటాయి గానీ మనసు ఖాజాగూడ రాళ్ల వెనక మట్టిలో ఉంటుంది.

నిజంగానే నా పని నెట్టడం. రగ్బీలో ఆట ఆగి మళ్లీ మొదలవ్వాల్సి వచ్చినప్పుడు రెండు జట్ల నుంచీ ఎనిమిదేసి మంది ఒకరినొకరు పట్టుకుని, వంగి, ఎదుటి గుంపులోకి తలలు దూర్చి నెట్టుకుంటారు. దాన్ని స్క్రమ్ అంటారు. బంతిని ఆ రెండు గుంపుల మధ్యకి వదులుతారు. ముందు వరుసలో ముగ్గురుంటారు. వెనకవాళ్ల తోపుడూ, ఎదుటివాళ్ల తోపుడూ కలిసి ఆ ముగ్గురి మెడల మీదే పడుతుంది. నాది ఆ వరుసలో ఎడమ చివర. నా కుడి చెయ్యి మా నడిమివాడి వీపు చుట్టూ ఉండేది. ఎడమ చేత్తో ఎదుటి జట్టువాడి జెర్సీ పట్టుకోవాలి. నా కుడి చెవి వాడి కుడి చెవిని రాసుకుంటూ ఉండేది. చెవి పునుగయింది ఆ రాపిడికే.

ఇంకొక్క నియమం చెప్పాలి, అది తెలియకపోతే నా కథ అర్థం కాదు. ముందు వరుసలో ఆ పని నేర్చినవాళ్లే నిలబడాలి. ఒకడు దెబ్బ తగిలి బయటికి పోతే, వాడి బదులు నేర్చినవాడు లేకపోతే, మెడలు విరుగుతాయని రెఫరీ నెట్టుడు ఆపించేస్తాడు. అప్పుడు స్క్రమ్ పేరుకే. రెండు జట్లూ వంగుతాయి, పట్టుకుంటాయి, నెట్టవు. బంతి ఎవరు వదిలితే వాళ్లకే పోతుంది. మేం దాన్ని ఉత్తుత్తి స్క్రమ్ అనేవాళ్లం. మా జట్టులో పరుగెత్తేవాళ్లు అంతంతమాత్రం. మా బతుకంతా నెట్టుడు మీదే. అందుకే మా ముగ్గురిలో ఎవడైనా పెళ్లికో ప్రయాణానికో వెళ్తానంటే మిగతావాళ్ల ముఖాలు మాడిపోయేవి.

చిన్నప్పటి నుంచీ నేను లావు. గుంటూరు వైపు నుంచి వచ్చి హఫీజ్‌పేట్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది. అమ్మ నర్సు. నర్సు కొడుకు ఇలా ఉన్నాడేమిటని చర్చిలో ఆడవాళ్లు అమ్మని దెప్పేవారు. స్కూల్లో నా పక్కన బెంచీ మీద కూర్చోవడానికి ఎవడూ ఇష్టపడేవాడు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం, ఆఫీసు స్నేహితుడొకడు తన ఆట చూడమని ఖాజాగూడ రాళ్ల వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక పొట్టి, బండ మనిషి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నా భుజాలు రెండూ పట్టుకుని ఊపాడు.

"ఇన్ని దినాలు ఏడున్నవ్ రా నువ్వు?" అన్నాడు.

నా వెడల్పు చూసి ఒక మనిషి సంతోషపడటం నా జీవితంలో అదే మొదటిసారి. అతను ఖాజాగూడ ఊరివాడే. వాళ్లింట్లో వాటర్ ట్యాంకర్లు నడిపేవారు. మా ముందు వరుసలో మధ్య మనిషి అతనే. మా నడిమివాడని ఇందాక అన్నది ఇతన్నే. ఆ రోజు అతని వీపు చుట్టూ వేసిన చెయ్యి నలభైకి దగ్గరపడే దాకా తియ్యలేదు.

ఆదివారం మా ఇంట్లో చర్చి తప్పదు. అందుకని నేను పొద్దున్నే జరిగే మొదటి ఆరాధనకి వెళ్లి, ఆఖరి వరుసలో, చొక్కా కింద జెర్సీ, ప్యాంటు కింద నిక్కరు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎండాకాలంలో చెమటకి తడిసి ముద్దయ్యేవాణ్ణి. నా భక్తికి పాస్టరుగారు ముచ్చటపడి, అందరి ముందూ ఒకసారి మెచ్చుకున్నారు కూడా. అమ్మ నా వైపు చూడకుండా నవ్వు ఆపుకుంది.

స్క్రమ్ సాధనకి పెద్ద జట్ల దగ్గర యంత్రాలుంటాయి. మాకు ఏముంది? నడిమివాడి ఇంటి ట్యాంకరే. ఖాళీ ట్యాంకరుకి వెనకవైపు పాత పరుపులు కట్టి, బ్రేకు తీసేసి, రాళ్ల వెనక మట్టిబాట మీద నెట్టేవాళ్లం. ఒక ఆదివారం ఎంత నెట్టినా అది అంగుళం కదల్లేదు. నడిమివాడు మమ్మల్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. "ఒక్క వారం పెండ్లి బోజనం తింటే గిట్లనే అయితది" అని నా మీద పడ్డాడు. పట్టు సరిగ్గా లేదని ఒకడు, కాళ్లు జారుతున్నాయని ఒకడు. మట్టిలో మోకాళ్లదాకా గుంటలు పడ్డాయి. చివరికి డ్రైవరు పళ్లపుల్ల నములుతూ వచ్చి, మమ్మల్ని వింతగా చూసి, వెనక పైపు వాల్వు తిప్పాడు. గలగలా నీళ్లు. ఆ పొద్దున ఏదో అపార్ట్‌మెంట్‌కని నిండా నింపి ఉంచాడట. ఆ నీళ్లలోనే అందరం తడిసి, నవ్వి నవ్వి, మట్టిలో దొర్లాం. అంత నవ్వు నేను మళ్లీ ఎక్కడా నవ్వలేదు.

ఇప్పుడు ఆ చోట అద్దాల బిల్డింగు ఉంది. ఒకసారి మీటింగుకి అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. కిటికీలోంచి రాళ్లు చూసి లెక్కేసుకుంటే, మేం ట్యాంకర్ నెట్టిన బాట సరిగ్గా వాళ్ల రిసెప్షన్ సోఫా కింద ఉండాలి. ఆ సోఫాలో కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టనిపించింది. నిలబడే వెయిట్ చేశాను.

నా బలం కాస్త నలుగురి నోటా పడ్డాక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఒక కొత్త జట్టు నన్ను రమ్మంది. వాళ్లకి నిజమైన స్క్రమ్ యంత్రం ఉంది, మసాజ్ చేసేవాడున్నాడు, ఆట అయ్యాక స్నానానికి వేడినీళ్లున్నాయి. నేను వెళ్లి చూశాను కూడా. ఆ యంత్రం బాగుంది, కాదనను. కానీ అక్కడ నా పక్కన నిలబడ్డవాడి వీపు మీద చెయ్యి వేస్తే, అది ఎక్కడ వెయ్యాలో నా చేతికే తెలియలేదు. ఇంటికొచ్చేశాను. మా నడిమివాడికి ఈ సంగతి ఎలాగో తెలిసింది. ఆ వారం నాకు మాత్రం రెండు ప్లేట్ల బిర్యానీ తెప్పించాడు.

ఇక ఎదుటివాడు. సికింద్రాబాద్ వైపు జట్టులో కుడి చివర నిలబడేవాడు ఒకడుండేవాడు. అంటే ప్రతి స్క్రమ్‌లోనూ నా ఎదుట అతనే. మదీనాగూడలో హైవే మీద టైర్ల దుకాణం. లారీ టైరుని ఒంటి చేత్తో దొర్లించే మనిషి. మా ఇద్దరి జట్లకీ ఏళ్ల తరబడి పడేది కాదు గానీ, మా ఇద్దరి మధ్య ఉన్నదానికి నాకు అప్పట్లో పేరు తెలియదు. అతని ముఖం కంటే అతని చెవి నాకు బాగా తెలుసు. తలనూనె వాసన తెలుసు. ఎప్పుడు ఊపిరి బిగబడతాడో తెలుసు. సక్రమంగా ఒక పది మాటలు మాట్లాడుకున్న జ్ఞాపకం మాత్రం లేదు.

మాకో ఆనవాయితీ ఉండేది. ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి చాయ్ తాగాలి, ముందు వరుసవాళ్లు మాత్రం తమ ఎదుట నిలబడ్డవాడికి మొదటి కప్పు తామే తెచ్చివ్వాలి. ఎంత కొట్టుకున్నా సరే. కప్పు, సాసర్, సాసర్‌లో ఉస్మానియా బిస్కెట్. అతను తెచ్చివ్వడం, నేను రెండు చేతులా అందుకోవడం, మళ్లీ నేను వెళ్లి అతనికి తేవడం. "జర శక్కర్ ఎక్కువైంది" అనేవాడు. అంతే మా సంభాషణ.

తర్వాత నా ఎడమ చెయ్యి మొరాయించడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం కొత్తగూడ సిగ్నల్ దగ్గర బండి క్లచ్ నొక్కి పట్టుకుని నిలబడ్డాను. వేళ్లు వాటంతట అవే జారిపోయాయి. బండి ఎగిరి ముందున్న కారుకి తగిలి ఆగిపోయింది. కారులోని పెద్దమనిషి తిట్టాడు, వెనకవాళ్లు హారన్లు మోగించారు. నాకు అవేవీ వినిపించలేదు. నా చేతిని నేను చూసుకుంటున్నాను. అది నాది కానట్టు వేలాడుతోంది. కొంచెంసేపటికి తిమ్మిరిలా వచ్చి, సర్దుకుంది. ఎవరికీ చెప్పలేదు. బండి ఇంట్లో పెట్టేసి లోకల్ రైల్లో ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాను.

నర్సు ఉన్న ఇంట్లో రోగం దాచడం అయ్యే పనేనా? అమ్మ అప్పటికే రిటైరైంది గానీ కళ్లు రిటైర్ కాలేదు.

"ఏరా, బండేమైంది?" అంది.

"ట్రాఫిక్ ఎక్కువగా ఉంది అమ్మా. రైలే హాయి."

"అలాగా. ఇదిగో, ఈ గ్లాసు కాస్త పట్టుకో" అని స్టీలు గ్లాసు నా ఎడమ చేతికిచ్చింది. నేను పట్టుకున్నాను. ఆవిడ రెండు వేళ్లతో మెల్లగా లాగింది. గ్లాసు ఆవిడ చేతికి వెళ్లిపోయింది.

మర్నాడే స్కానింగ్ అయింది. మెడలో ఎముకల మధ్య గుజ్జు పక్కకి జరిగి చేతికెళ్లే నరాన్ని నొక్కుతోందన్నారు. ఇక స్క్రమ్‌లో తల పెట్టొద్దని, మళ్లీ గట్టిగా తోపుడు పడితే ఆ చెయ్యి తిరిగి రాకపోవచ్చని డాక్టరు విడమరిచి చెప్పాడు. ఆ సీజన్‌లో మాకు మిగిలింది ఒక్క మ్యాచ్. గెలిస్తే కప్పు. ఎదుట ఆ సికింద్రాబాద్ జట్టే. నా బదులు నిలబడాల్సినవాడికి బెంగళూరు బదిలీ అయింది. నేను లేకపోతే ఆట మొత్తం ఉత్తుత్తి స్క్రమ్‌లే, అంటే మా చేతులు కట్టేసినట్టే. పైగా, నిజం చెప్పొద్దూ, నా ఆట ఒక స్కానింగ్ గదిలో ముగిసిపోవడం నాకు ఇష్టం లేదు. అన్నేళ్లు ఒకే జెర్సీ వేసుకున్నవాడికి ఆఖరి విజిల్ మైదానంలో నిలబడి వినాలని ఉండదా?

"రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి వెరిస్తే ఎలా అమ్మా?" అన్నాను, తేలిగ్గా తీసుకుంటున్నట్టు.

అమ్మకి కోపం వచ్చింది. "ఆ తల నిలబెట్టింది ఎవర్రా? మూడో నెల దాటినా నీకు మెడ నిలవలేదు. నైట్ డ్యూటీ చేసొచ్చి, నిద్ర మానుకుని, నీ మెడ కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని. నా కష్టం తీసుకెళ్లి మట్టిలో పెడతానంటావు." నా ఎడమ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాత అంది: "వద్దనే చెబుతున్నాను. వింటావన్న ఆశ లేదు. కాబట్టి నేనూ వస్తాను. చెయ్యి మొద్దుబారిందా, ఆ క్షణమే బయటికి వచ్చెయ్యాలి. మాటివ్వు."

మాటిచ్చాను. నడిమివాడికి మాత్రం చెప్పలేదు. చెబితే నా జెర్సీ అతనే లాక్కునేవాడు.

అమ్మ మా ఆట చూడటానికి రావడం అదే మొదటిసారి. గొడుగు, ఐస్ పెట్టిన ఫ్లాస్కు, కట్టుగుడ్డల సంచీ తెచ్చుకుని మైదానం పక్క గీత దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. మా ఆటలకి డాక్టర్లు రారు గనక ఆ రోజుకి ఆవిడే దవాఖాన అని మా నడిమివాడు ప్రకటించాడు.

మొదట్లో చెయ్యి బాగానే ఉంది. బాగా నెట్టాం. చివరికొచ్చేసరికి మేం కొద్ది పాయింట్లు ముందున్నాం. అప్పుడు సరిగ్గా మా వైపు గోల్ గీత ముందు స్క్రమ్, బంతి వాళ్లది. వాళ్ల ఆలోచన తెలుస్తూనే ఉంది: మమ్మల్ని గుంపుగా నెట్టుకుంటూ గీత దాటించి బంతిని నేలకి ఆనిస్తారు, ఆ పాయింట్లతో ఆట వాళ్లదవుతుంది.

వంగాం. తలలు కలిశాయి. తోపుడు పడగానే మెడలోంచి ఎడమ చేతి కొసదాకా నిప్పు పాకినట్టయి, వెంటనే ఏమీ లేకుండా పోయింది. గుంపు కూలింది. రెఫరీ మళ్లీ కట్టమన్నాడు. మళ్లీ వంగి అతని జెర్సీ పట్టుకోబోయాను. వేళ్లు ముడుచుకోలేదు. చెయ్యి అతని పక్కటెముకల మీద ఊరికే ఆని ఉంది. నా ఎడమ చేతి సంగతి ఆ మైదానంలో తెలియగలిగినవాడు ఒక్కడే, అది ఎవరి ఒంటి మీద ఉందో వాడు.

అతని గొంతు నా చెవిలో నోరు పెట్టినట్టే వినిపించింది: "పట్టుకో భాయ్."

"పట్టుకున్నా" అన్నాను.

అబద్ధమని అతనికి తెలుసు. మళ్లీ కూలాం. లేచి నిలబడ్డాం. మైదానం పక్కన అమ్మ కుర్చీలోంచి లేచింది. ఇచ్చిన మాట గుర్తుంది. బయటికి వెళ్లాలి. వెళ్తే నెట్టుడు ఆగుతుంది, వాళ్లు మమ్మల్ని గీత దాటించలేరు, ఇప్పుడైతే మా జట్టుకి అది మేలే కూడా. అయినా కాళ్లు కదల్లేదు. ఇంకొక్క స్క్రమ్, ఒక్కటే, అనుకున్నాను. మూర్ఖత్వానికి ఇంతకంటే పెద్ద పేరు నాకు తెలియదు.

రెఫరీ మూడోసారి పిలవబోతుండగా అతను మెడ వెనక చెయ్యి పెట్టుకుని ముందుకొచ్చాడు.

"సార్, నా మెడ పట్టేసింది. నాతోని కాదు."

వాళ్ల కెప్టెన్ నమ్మలేనట్టు చూశాడు. "ఏంది? ఇప్పుడా? ఒక్క స్క్రమ్ ఆగరాదురా!" అని అరిచాడు. అతను తల వంచుకుని నడుచుకుంటూ అమ్మ దగ్గరికి వెళ్లి మట్టిలో కూర్చున్నాడు. ముందు వరుస పని నేర్చినవాడు ఇంకొకడున్నాడా అని రెఫరీ అడిగాడు. లేడు. ఇక నెట్టుడు లేదన్నాడు. రెండు జట్లూ ఉత్తుత్తిగా వంగాయి. వాళ్లు బంతి బయటికి తీసి అందించుకోబోయి జార్చుకున్నారు, మావాడు దాన్ని దూరంగా తన్నేశాడు. విజిల్ పడింది.

ఆ విజిల్ నేను మైదానంలో నిలబడే విన్నాను. నడిమివాడు నన్ను ఎత్తుకోబోయి, ఎత్తలేక, ఇద్దరం కిందపడ్డాం. అవతల వాళ్ల కెప్టెన్ అతని మీద ఇంకా అరుస్తూనే ఉన్నాడు. అతను మెడకి కట్టుతో, ఏమీ వినిపించనట్టు కూర్చున్నాడు.

చాయ్ వేళకి అతనే నా దగ్గరికి వచ్చాడు. ఈసారి కప్పు ఒక్కటే నా కుడి చేతికిచ్చి, సాసర్ తన అరచేతిలో నా ముందు పట్టుకుని నిలబడ్డాడు, తాగి తాగి కప్పు దాని మీద పెట్టుకోమన్నట్టు.

"మెడ ఎట్లుంది భాయ్?" అన్నాను.

"మీ అమ్మను అడుగు" అని నవ్వాడు.

ఆటోలో ఇంటికి వస్తూ అమ్మని అడిగాను.

"ఆ బాబు మెడ ఇనపకమ్మీలా ఉందిరా. ఎక్కడ నొక్కినా మూలగడు. ఏమిటయ్యా నీ బాధ అంటే, 'నాకేం కాలే అమ్మా. మీ కొడుకు ఎడమ చెయ్యి పోయింది, వాడు చెప్పడు. ఇంటికి పోయినంక జర జూడుండ్రి. నేను చెప్పిన్నని ఎవ్వలకు చెప్పకుండ్రి' అన్నాడు."

"మరి నువ్వేం చేశావ్?"

"ఏం చేస్తాను? ఐస్ పెట్టి కట్టు కట్టాను. ఇన్నేళ్ల సర్వీసులో బాగున్న మెడకి కట్టు కట్టడం ఇదే." అమ్మ నా ఎడమ చేతిని ఒళ్లోకి తీసుకుంది. "నేను నిలబెట్టిన నీ మెడ కింద ఆ బాబు కూడా చెయ్యి పెట్టాడు రా ఇవాళ."

ఆటోలోనే ఏడ్చాను. మా జట్టుకి నా అంత విశ్వాసంగా ఉన్నవాడు లేడని అన్నేళ్లూ నాకు లోలోపల గర్వం ఉండేది. తన కప్పు వదిలేసుకుని, తనవాళ్ల చేత తిట్లు తిని, ఎదుటి జట్టువాడి చెయ్యి కాపాడినవాడి ముందు నా గర్వం ఎంత? ఈ సంగతి వాళ్ల జట్టుకి ఇప్పటికీ తెలియదు. అందుకే ఇందులో ఎవరి పేర్లూ రాయలేదు.

మళ్లీ నేను స్క్రమ్‌లో తల పెట్టలేదు. తర్వాత కొన్నాళ్లకి అతనూ మానేశాడు. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా మైదానానికి వెళ్తాను, ఇప్పుడు చొక్కా కింద జెర్సీ ఉండదు. అతను దుకాణం తెరిచేలోపు వస్తాడు. కొత్తవాళ్లు నెట్టుకుంటుంటే గీత పక్కన నిలబడి ఇద్దరం చూస్తాం. ఆనవాయితీ ప్రకారం మొదటి కప్పు అతనే తెస్తాడు. కప్పు నా చేతికిచ్చి, సాసర్ తన అరచేతిలో పట్టుకుని, నేను తాగడం అయ్యేదాకా అలాగే నిలబడతాడు.

నా ఎడమ చెయ్యి ఎప్పుడో బాగుపడింది. బండి కూడా నడుపుతున్నాను. అతనికి మాత్రం ఇంకా చెప్పలేదు.